అమ్ముగూడ పోరనికి సైకిల్ కిరాయి ఇచ్చిన సారు

పొద్దుగాల ఆరు కొట్టకముందే బొల్లారంల మా ఇంటి పక్క మైదానం నిండుతది. ఒక దిక్కు క్రికెట్, ఇంకో దిక్కు ఫుట్‌బాల్. నడిమిట్ల నాలాంటి నడకోళ్ళు బంతి తగలకుంట తప్పిచ్చుకుంట తిరుగుతుంటరు. మొన్న ఒక పోరడు తెల్ల అంగీ తొడుక్కొని ఆడుతుండు. ఈపు మీద బెల్లింగ్‌హామ్ అని రాసున్నది. ఆట అయినంక నీళ్ళు తాగుతుంటే పక్కన కూసొని, ఎవలు తమ్మీ గీ బెల్లింగ్‌హామ్ అని అడిగిన.

ఇగ మొదలువెట్టిండు సూడున్రి. ఇంగ్లండ్ పోరడట. మిడ్‌ఫీల్డర్ అట. వాళ్ళ నాయిన పోలీసుల పనిచేసిండట. పదహారేండ్లకే, 2019ల, బర్మింగ్‌హామ్ సిటీ పెద్ద జట్టుల ఆడిండట. మల్ల ఏడాదికే జర్మనీల డోర్ట్‌మండ్ క్లబ్బు కొనుక్క పోయిందట. పోరడు పోయినంక వాడేసుకున్న 22 నంబర్ అంగీని ఇంకెవ్వరికీ ఇయ్యమని బర్మింగ్‌హామోళ్ళు పక్కకు వెట్టిన్రట. ఇప్పుడు మాడ్రిడ్‌ల ఉన్నడట. అన్నీ అరచేతిల గీసినట్టు చెప్పిండు. నాకు మస్తు సంబురమైంది. ఒక ఆటను గింత ప్రేమగ తెలుసుకున్న పోరన్ని చూస్తె ఎవరికి సంబురం కాదు?

తర్వాత నేనొకటి అడిగిన. మన బొల్లారం టేషన్ల రైలెక్కి సికింద్రాబాద్ దిక్కు పోతే బొల్లారం బజార్, అల్వాల్, కావల్రీ బ్యారక్స్, ఆ తర్వాత అమ్ముగూడ. నాలుగో టేషన్. గా అమ్ముగూడల పుట్టిన పోరడు ఒలింపిక్స్‌ల రెండు గోల్స్ కొట్టిండు, ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం తెచ్చిండు, నీకు ఎరుకేనా అన్న. తల అడ్డం ఊపిండు. పోనీ గా పోరన్ని పట్టుకొని ఆటగాన్ని చేసిన సారు పేరు ఎరుకేనా అంటే అదీ ఎరుక లేదు.

తప్పు పోరనిది కాదు. బర్మింగ్‌హామ్ ముచ్చట ఫోన్ల దొరుకుతది. అమ్ముగూడ ముచ్చట మన బడి పుస్తకంల నాకు దొరకలే, వానికీ దొరకలే. నాకు కూడ ముప్పై ఏండ్లు దాటినంకనే ఎరుకైంది. గందుకే ఇయ్యాల గా సారు ముచ్చట చెప్త. ఆయిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదోళ్ళు రహీం సాబ్ అంటరు. ఆయిన చనిపోయి అరవై ఏండ్లు దాటింది.

బడి పంతులు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌ల పుట్టిండు. నిజాం రాజ్యం నడుస్తున్న రోజులు. ఉస్మానియా యూనివర్సిటీల సదివిండు. గప్పుడు అక్కడ సదువు ఉర్దూల చెప్పేటోళ్ళు. సదువుకుంటనే ఫుట్‌బాల్ ఆడిండు. యూనివర్సిటీ పిల్లల జట్టుకు ఆడిండు, తర్వాత పట్నంల పేరున్న కమర్ క్లబ్‌కు ఆడిండు. ఆటగానిగ ఆయినకు వచ్చిన పేరు చిన్నది. సారుగ వచ్చిన పేరు పెద్దది.

సదువు అయినంక కొలువు పంతులు కొలువే. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడులల్ల సదువు చెప్పిండు. తర్వాత వ్యాయామ విద్యల డిప్లొమా చేసి, బడిల ఆటలు సూసుకునే పని కూడ మీదేసుకున్నడు. గీ సంగతి గట్టిగ యాది పెట్టుకోవాలె. ఎందుకంటె మన దేశంల ఫుట్‌బాల్‌కు బంగారు రోజులు తెచ్చినోడు ఏ ఇంగ్లండ్ కోచో, ఏ మిలిటరీ అఫ్సరో కాదు. సుద్దముక్క పట్టుకొని నల్లబల్ల కాడ నిలవడ్డ బడి పంతులు.

పంతులుకు ఒక అలవాటు ఉంటది. ముందల బెంచిల కూసున్నోన్ని ఎవరైనా సూస్తరు. మంచి పంతులు ఎనుక బెంచిల ఉన్నోన్ని సుత సూస్తడు. రహీం సాబ్ జిందగీ అంతా గా సూపు మీదనే నడిచింది. 1940లల్ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పని నెత్తికెత్తుకున్నడు. 1950 సంది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయిండు. చనిపోయేదాక గా జట్టును ఇడువలే.

గా కాలంల మన దగ్గర ఫుట్‌బాల్ ఆడి బతికే దారి లేదు. బెల్లింగ్‌హామ్ లెక్క క్లబ్బుతోని కాయితం మీద సంతకం వెట్టి, నెలకింత అని జీతం తీసుకునే ముచ్చటే లేదు. మరి బీదోని కొడుకు ఎట్ల ఆడాలె? పోలీసు కొలువు ఆ తొవ్వ సూపిచ్చింది. ఆట మంచిగుంటె పోలీసుల తీసుకునేటోళ్ళు. నెలకు జీతం ముడుతది, ఇల్లు గడుస్తది, సాయంత్రం గ్రౌండ్‌ల కాలు ఆడుతది. కొలువూ ఆటా ఒక్కతానకు వచ్చినయి గనుకనే గల్లీ పోరగాళ్ళు గా జట్టుల నిలవడ్డరు.

గిట్ల తయారైన జట్టు ఏం చేసిందో సూడున్రి. బొంబాయిల రోవర్స్ కప్పును 1950 సంది 1954 దాక వరుసగ ఐదేండ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961 సీజన్లల్ల నాలుగు సార్లు గెలిచింది. ఫుట్‌బాల్ అంటె కలకత్తానే అనుకునే దేశంల, మోహన్ బగాన్ అసొంటి జట్టునే 1950 డ్యూరాండ్ ఫైనల్‌ల ఓడగొట్టింది. అప్పటికి నిజాం రాజ్యం ఇండియాల కలిసి రెండేండ్లే. ఊర్లల్ల కొట్లాటలు, పట్నంల భయం ఇంకా సల్లారలే. గసొంటి టైంల గీ పట్నం పేరు దేశమంతా మంచి ముచ్చటకు ఇనవడ్డదంటె అది గీ జట్టు పుణ్యమే.

ఎడమకాలు పోటీలు

రహీం సాబ్ ఎట్ల నేర్పిండో చెప్పకపోతె గీ ముచ్చట సగమే అయితది. ఆయిన తాన పైసలు లేవు, మిషన్లు లేవు, పచ్చటి మైదానాలు లేవు. ఉన్నది బుర్ర. పిల్లలకు ఆయిన వెట్టిన పోటీలు సూస్తె నవ్వు వస్తది, తర్వాత నోరు మూతవడ్తది.

ఒకటి, బలం లేని కాలు పోటీ. నీది కుడికాలు వాటమైతె ఎడమకాలుతోనే ఆడాలె. బంతి ఎడమ దిక్కు వచ్చినప్పుడు కుడికాలు ఏసేందుకు ఒళ్ళు తిప్పుకునేటోడు ఒక క్షణం పోగొట్టుకుంటడు. పెద్ద ఆటల గా క్షణంలనే బంతి గుంజుకుంటరు. రెండు కాళ్ళు ఒక్కతీరు ఆడుతె గా క్షణం నీ చేతిల ఉంటది.

రెండు, బంతిని వెంటేసుకొని ఉరుకుడు బంద్ పోటీ. బంతి కాలికి తాకంగనే ఇంకొకనికి ఇయ్యాలె. సోకులు చేసుడు, ఒక్కడే ఐదుగురిని దాటుడు నడువదు. గిట్ల ఆడాలంటె బంతి రాకముందే ఎవ్వనికి ఇయ్యాల్నో సూసి పెట్టుకోవాలె. అంటె కాలు కంటె ముందు కన్ను ఉరకాలె. ఇయ్యాల మిడ్‌ఫీల్డర్ అని మనం మెచ్చుకునే ఆటగాడు చేసే పని గిదే.

మూడు, పొట్టోళ్ళ పోటీ. ఇంత ఎత్తు దాటినోళ్ళకు ఎంట్రీ లేదు. దీనెనుక లెక్క ఉన్నది. పిల్లల ఆటల ఒళ్ళు తొందరగ పెరిగినోడు అందరినీ నూకేసి గోల్ కొడ్తడు. సూసెటోళ్ళు గానే మొనగాడు అనుకుంటరు. ఒళ్ళు పెరగని బక్క పోరని తెలివి ఎవ్వని కంటికీ కనవడది. తిండి తక్కువున్న ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలే బక్కగ, పొట్టిగ ఉంటరు. అందరు పొట్టోళ్ళే ఆడితె బలం లెక్కకు రాదు, తెలివి బయటవడ్తది. బీదోని కొడుకును వెతికేందుకు రహీం సాబ్ వట్టిన జల్లెడ అది.

గా రోజులల్ల మిడ్‌ఫీల్డర్ అనే మాట లేదు, హాఫ్ బ్యాక్ అనేటోళ్ళు. రహీం సాబ్ పోలీసు జట్టుల నూర్ మహమ్మద్ అనే హాఫ్ బ్యాక్ ఉండె. ఎనుకకెల్లి వచ్చిన బంతిని అందుకోని ముందటోళ్ళకు అందియ్యాలె, మీదికి వచ్చేటోన్ని ఆపాలె. గోల్ కొట్టినోని పేరు పేపర్ల వస్తది, హాఫ్ బ్యాక్ పేరు రాదు. గసొంటి నూర్ మహమ్మద్ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్, రెండు ఒలింపిక్స్‌లల్ల ఇండియాకు ఆడిండు. తెల్ల అంగీ తొడుక్కున్న నా బొల్లారం తమ్ముడు బెల్లింగ్‌హామ్‌ను మెచ్చుకునే ఆట ఆడినోడు, బెల్లింగ్‌హామ్ పుట్టక యాభై ఏండ్ల ముందే గీ పట్నంల ఉండె.

అమ్ముగూడ సంది పట్నం దాక

ఇగ అమ్ముగూడకు పోదం. మా బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి, అమ్ముగూడ, గీ చుట్టుపక్కలంతా పల్టన్ల జాగ. ఇంగ్లిషోళ్ళ కాలం సంది లష్కర్ల ఫౌజుంటది. ఫౌజున్న కాడ పరేడ్ మైదానం ఉంటది, మైదానం ఉన్న కాడ ఫుట్‌బాల్ ఉంటది. సోల్జర్లు ఆడుతుంటె గోడ పొంటి నిలవడి సూసిన బస్తీ పోరగాళ్ళు వట్టికాళ్ళతోని నేర్చుకున్నరు. ఇండియాకు గొప్ప గోల్‌కీపర్ అనిపిచ్చుకున్న పీటర్ తంగరాజ్ గిట్లనే సికింద్రాబాద్ చిన్న క్లబ్బులల్ల ఆట మొదలువెట్టి, తర్వాత ఫౌజుల చేరిండు.

1936ల అమ్ముగూడల ఒక తమిళం మాట్లాడే బీద ఇంట్ల తులసీదాస్ బలరాం పుట్టిండు. పోరనికి ఫుట్‌బాల్ పిచ్చి. ఇంట్ల అమ్మకు కొడుకు మంచిగ సదివి సర్కారు కొలువు కొట్టాలని ఆశ. ఏ బీద తల్లికైనా ఉండే ఆశే. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతోని మోచీ కాడ ఆట బూట్లు కుట్టిచ్చుకున్నడని చెప్పుకుంటరు. ఫౌజీ జట్టుకు ఆడిండు, రైడర్స్ క్లబ్‌కు ఆడిండు. గట్ల ఆడుతున్నప్పుడే రహీం సాబ్ కంట్ల వడ్డడు.

1956ల సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టును తయారు చేస్తుండు రహీం సాబ్. అమ్ముగూడ పోరన్ని రమ్మన్నడు. పోరనికి ఆశ ఉన్నది, ఆట ఉన్నది. లేనిది దూరం దాటే పైసలు. అమ్ముగూడ సంది హైదరాబాద్ మైదానానికి ఒక్క దిక్కే పది కిలోమీటర్ల మీద వడ్తది. రోజూ పోవాలె, రోజూ రావాలె. నడిచి పోతె కాళ్ళల్ల ఆట మిగలది. బలరాం ఇంట్ల సైకిల్ లేదు, కిరాయికి తెచ్చుకునే పైసలూ లేవు.

గప్పుడు రహీం సాబ్ చేసింది చాన చిన్న పని. సైకిల్ కిరాయికి పైసలు తనే సర్దిండు. ఉపన్యాసం ఇయ్యలే, కష్టపడితె పైకొస్తవని సుద్దులు చెప్పలే. పోరనికీ మైదానానికీ నడుమ అడ్డమున్నది ఏందో సూసిండు. అది సైకిల్ కిరాయి. గా కిరాయి కట్టిండు. అంతే.

గా కిరాయి సైకిల్ ఎక్కడిదాక పోయిందో సూడున్రి. గా సీజన్ల హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మల్ల ఏడాది కూడ గెలిచింది. అదే 1956 ఆఖర్ల, ఇర్వై ఏండ్లకు, బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయే ఇండియా జట్టుల ఉన్నడు. 1957ల కలకత్తా ఈస్ట్ బెంగాల్ పిలుచుకున్నది. అమ్ముగూడ పోరడు గా పెద్ద క్లబ్బుకు 1961ల కెప్టెన్ అయిండు.

నా బస్సు కిరాయి

ఇక్కడ జెర ఆగి నా సొంత ముచ్చట ఒకటి చెప్త. చెప్పకపోతె గీ సైకిల్ ముచ్చట నాకెందుకు గింత తగులుతదో మీకు సమజ్ కాదు.

నేను పుట్టింది మేడ్చల్ అవుతల ఒక ఊర్ల. సర్కారు బడిల పదో తరగతి సదివేటప్పుడు హాఫ్ బ్యాక్ ఆడేటోన్ని. గొప్పగ ఆడిన అని చెప్పను, మంచిగనే ఆడిన. జిల్లా జట్టుకు సెలక్షన్లు ఉన్నయని మా ఆటల సారు చెప్పిండు. మూడు రోజులు పట్నం పోయి రావాలె. గా వారం మా నాయినకు కైకిలి దొరకలే. ఇంట్ల బస్సు కిరాయి లేదు. నాయినను అడిగిన, ఆయిన తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని బయటికి పోయిండు. గది ఆయిన జవాబు. నేను మల్ల అడగలే. సెలక్షన్ల నాడు బర్ల ఎంట పోయిన.

ఇండ్ల ఎవల తప్పూ లేదు. సారుకు మేం నలభై మందిమి. నాయిన తాన నిజంగనే లేవు. పోతె నేను సెలెక్ట్ అయ్యేటోన్నా అంటె, కాకపోవచ్చు. అయితె కాలేదని తెలుసుకునే హక్కు సుత నాకు దొరకలే. మంచిగ ఆడి ఓడిపోయినోడు ఇంటికొచ్చి నిమ్మళంగ పండుకుంటడు. పోనోడు ముప్పై ఏండ్లు పండుకోలేడు.

మీరు ఊర్లల్ల సూడున్రి, నా అసొంటోళ్ళు గల్లీకొకడు ఉంటడు. ఆటే కాదు, పాటకో సదువుకో పోటీ పరీక్షకో కిరాయి కాడ ఆగిపోయినోళ్ళు. మనోళ్ళకు పట్టుదల లేదని పట్నపోళ్ళు అంటె, నాకు గా తువ్వాల యాదికొస్తది.

హెల్సింకి సంది జకార్తా దాక

రహీం సాబ్ ఇండియా జట్టును నడిపిన ముచ్చట్లు లోకానికి కొంచెం తెలిసినయే. తొందరగ చెప్త. 1951ల ఢిల్లీల జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల ఇరాన్‌ను 1-0తోని ఓడగొట్టి బంగారం తెచ్చిన్రు. మల్ల ఏడాది హెల్సింకిల సలిల, మనోళ్ళల్ల చానమంది వట్టికాళ్ళతోనే ఆడి యుగోస్లేవియా చేతిల 1-10తోని ఓడిన్రు. పది గోల్స్! గా దెబ్బతోని ఇండియా ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినయి.

రహీం సాబ్ గా ఓటమి కాడ కూలవడలే. పంతులు కదా, తప్పిన లెక్కను మల్ల చేసిండు. హంగరీ అసొంటి జట్లు కొత్తగ ఎట్ల ఆడుతున్నయో సూసిండు. ముందట నిలవడే సెంటర్ ఫార్వర్డ్‌ను జెర ఎనుకకు జరిపి, మధ్యల మనుషులు ఎక్కువుండేటట్టు చేసుడు నేర్పిండు. నాలుగేండ్లకు, 1956 డిసెంబర్ల, మెల్‌బోర్న్‌ల ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4-2తోని ఓడగొట్టిన్రు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు ఆసియాల ఏ దేశమూ అంతకుముందు పోలే, ఇండియానే మొదలు. సెమీఫైనల్‌ల మల్ల యుగోస్లేవియానే. ముందుగాల గోల్ మనదే, ఆఖరికి 1-4తోని ఓడిన్రు. బల్గేరియాతోని కంచు పతకం ఆట కూడ 0-3తోని పోయి నాలుగో జాగల నిలిచిన్రు.

1960ల రోమ్ ఒలింపిక్స్. మనకు వడ్డ గుంపు సూస్తె గుండె జారుతది, హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతోని 1-2తోనే ఓడిన్రు. గా ఒక్క గోల్ కొట్టింది బలరాం. ఫ్రాన్స్‌ను 1-1 కాడ ఆపిన్రు. పెరూతోని 1-3తోని ఓడిన్రు, గా ఒక్క గోల్ కూడ బలరామే. కిరాయి సైకిల్ తొక్కిన కాళ్ళే గా రెండు గోల్స్ కొట్టినయి.

ఇగ 1962 జకార్తా. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తులను క్యాన్సర్ తింటుంది. బీడీ సిగరెట్ అలవాటున్న తమ్ముండ్లు గీ వాక్యం రెండోసారి సదువున్రి. ఆయిన సిగరెట్లు మస్తు తాగెటోడు. మొదటి ఆటల్నే దక్షిణ కొరియా చేతిల 0-2తోని ఓడిన్రు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తోని, జపాన్‌ను 2-0తోని గెలిచిన్రు. జపాన్ మీద ఒక గోల్ బలరాందే. ఎనుక నిలవడి గోల్ కాసే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు వడ్డయి. రహీం సాబ్ ఆయన్ని పక్కన కూసోవెట్టలే, ముందటికి పంపి సెంటర్ ఫార్వర్డ్ ఆడిపిచ్చిండు. సెమీఫైనల్‌ల దక్షిణ వియత్నాంను 3-2తోని దాటిన్రు. గా ఆటల జర్నైల్ గోల్ కొట్టిండు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగ మల్ల దక్షిణ కొరియానే. స్టేడియంల లక్ష మంది దాక జనం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానియ్యలేదని ఇండియా అధికారి ఒకాయన ఎదురు మాట్లాడిండని జకార్తా జనానికి మన మీద కోపం. మనోళ్ళు బంతి తాకితె చాలు ఒకటే కేకలు. గంత మందిల మన దిక్కు చప్పట్లు కొట్టినోళ్ళు ఎవలో ఎరుకనా? పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్ళు. ఫోన్లల్ల పొద్దున లేస్తె కొట్లాడే తమ్ముండ్లు గిది కూడ జెర యాది పెట్టుకోవాలె.

ముందటి రాత్రి రహీం సాబ్ పిల్లలను దగ్గర కూసోవెట్టుకొని, రేపు నాకు బంగారం తోఫాగ ఇయ్యున్రి అని అడిగిండని ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నరు. పిల్లలు ఇచ్చిన్రు. పీకే బెనర్జీ ఒకటి, తలకు కుట్లున్న జర్నైల్ ఒకటి, మొత్తం 2-1. గా జట్టుల మన దిక్కోళ్ళు తంగరాజ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్, అమ్ముగూడ బలరాం. అరవై ఏండ్లు దాటినా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌ల ఇండియాకు మల్ల బంగారం రాలే. 1970ల హైదరాబాద్ నయీముద్దీన్ కెప్టెన్‌గ ఉండి తెచ్చిన కంచే ఆఖరి పతకం.

1963

జకార్తా గెలిచినంక తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ చనిపోయిండు. యాభై నాలుగు నిండలే. అదే ఏడాది అటూఇటూగ బలరాంకు కూడ ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, ఇర్వై ఏడేండ్లకే పెద్ద ఆట బంద్ అయింది. సారూ శిష్యుడూ ఇద్దరినీ ఊపిరే మోసం చేసింది. బలరాం తర్వాత బెంగాల్ల ఉత్తర్‌పాడల స్థిరపడి, 2023 ఫిబ్రవరిల ఎనభై ఆరేండ్లకు కండ్లు మూసిండు. రహీం సాబ్ మీద 2024ల మైదాన్ అని హిందీ సినిమా వస్తె గాని, ఆయిన పేరు కొత్తపోళ్ళ చెవుల వడలే.

రహీం సాబ్ లేకపోతె హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు సల్లబడ్డదని చానమంది అడుగుతరు. క్రికెట్ మింగిందంటరు, కలకత్తా క్లబ్బులు మనోళ్ళను గుంజుకున్నయంటరు. అన్నిట్ల కొంచెం నిజం ఉంటది. నాకు అనిపిచ్చేది ఏందంటె, ఒక్క మనిషి జేబుల నుంచి నడిచిన పని ఆయిన జేబుతోనే పోయింది. సైకిల్ కిరాయి రహీం సాబ్ దయగ మిగిలింది, పిల్లల హక్కు కాలే. ఎనుకకెల్లి ఎవలన్న గా పనిని పట్టుకొని ఊరూరికీ పద్ధతిగ నిలవెట్టి ఉంటె, ఆయిన చనిపోయినా సైకిళ్ళు ఆగకపోవు.

ఇంగ్లండ్‌ల బెల్లింగ్‌హామ్ ఏడెనిమిదేండ్ల పిల్లగానిగనే క్లబ్బు అకాడమీల చేరిండు. అక్కడ ఎవలో ఒక దొడ్డ మనిషి కంట్ల వడాలని ఎదురుసూసే పని లేదు. పిల్లలను ఏరుకునే పద్ధతే ఉన్నది. మన రహీం సాబ్ ఒక్కడే ఒక అకాడమీ లెక్క నడిచిండు. ఒక్క మనిషి ఎంత దూరం నడుస్తడు?

నేను ఊర్లు తిరుగుతుంట. ఆట స్థలం అని రాసిన బోర్డు ఉంటది, దానెనుక ముండ్ల చెట్లుంటయి. బడి ఉంటది, ఆటల సారు ఉండడు. ఉన్న మైదానం మీద ఎవలదో కన్ను ఉంటది. గీటి మీద అర్జీలు వెట్టినం, ధర్నాలు చేసినం, ఇంకా చేస్తం. మీ ఊర్ల గ్రామసభ అయినప్పుడు రోడ్డు, మోరీ, లైటుతోని పాటు ఆట స్థలం ముచ్చట కూడ కాయితం మీద రాయిపియ్యున్రి. సర్వే నంబర్ తోని రాయిపియ్యున్రి. నోటి మాటకు విలువ లేదు.

అయితె అర్జీకి జవాబొచ్చేదాక పోరగాళ్ళు పెరుగుడు ఆపరు కదా. గందుకే పోయిన ఎండకాలం బొల్లారంల మేం ఐదారుగురం కలిసి చిన్న పని మొదలువెట్టినం. నెలకు ఒక్కొక్కలం కొంత ఏసుకొని డబ్బా వెట్టినం. మైదానానికి దూరపు ఊర్ల సంది వచ్చే పిల్లల కిరాయి దాంట్లకెల్లి ఇస్తం. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ అయినంక ఇద్దరు ముగ్గురు చెల్లెండ్లు కూడ వస్తున్నరు. వాళ్ళ ఇండ్లల్ల పైసల అడ్డం పోయింది, ఇంకో అడ్డం ఉన్నది, చీకటి వడకముందే ఇంటికి రావాలె. గా అడ్డం కోసం ఆట టైమే ముందుకు జరిపినం.

ఆయితారం ఆయితారం ఎడమకాలు పోటీ వెడ్తున్నం. తెల్ల అంగీ తమ్ముడు మొదటి వారం నాలుగు సార్లు కింద వడ్డడు, ఐదోసారి బంతిని ఎడమకాలుతోనే చెల్లెకు అందిచ్చిండు. ఆట అయినంక నా తానకు వచ్చి, అమ్ముగూడల బలరాం ఇల్లు ఎక్కడుండె అన్నా అని అడిగిండు. నాకు సుత ఎరుక లేదు. వచ్చే ఆయితారం ఆట అయినంక ఇద్దరం రైలెక్కి పోయి, అక్కడి ముసలోళ్ళను అడుగుదమని అనుకున్నం. కిరాయి నేనే ఇస్త అన్న.